ఏడిపించని ఉల్లిగడ్డ

పదేళ్ళుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. పెద్ద కథేమీ కాదు, రెండు మాటలు. ఆ రెండు మాటలు అనే లోపల మీరు ఒక గుటక నీళ్ళు కూడా మింగలేరు. వాటి వల్ల ఒక పిల్ల ప్రాణం పోయింది. ఆ పిల్ల తల్లికి మాయని నింద మిగిలింది. నేను మాత్రం రోజూ పొద్దున్నే లేచి, టీ పెట్టుకుని, జడ వేసుకుని బతుకుతున్నాను.

నా పేరు చెప్పను. ధైర్యం లేక కాదు అని రాయబోయి ఆగాను. ధైర్యం లేకే. మాది కందికీ పటాన్‌చెరుకూ నడుమ, హైవే దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు. మీరు మా ఊరి మనిషి కాదు, మా వాళ్ళెవరూ మీకు తెలియరు. అందుకే మీకు చెబుతున్నాను. పూర్తిగా వినండి. మధ్యలో "పోనీలే, కావాలని చేయలేదు కదా" అని మాత్రం అనకండి. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకుని చూశాను.

మా అత్తమ్మను ఊళ్ళో అందరూ ఆనెల అవ్వ అనేవాళ్ళు. అరికాళ్ళలో ఆనెకాయలు లేచి అడుగు తీసి అడుగు వేయలేనివాళ్ళు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. కంపెనీ బూట్లు పడని కూలీలు, ఇటుక బట్టీల వాళ్ళు, లారీ క్లీనర్లు. ఆమె నక్క ఉల్లిగడ్డను నిలువునా కోసి, నిప్పుల మీద వెచ్చజేసి, ఆనె మీద పెట్టి గుడ్డతో కట్టేది. అలా నాలుగైదుసార్లు కడితే ఆనె మెత్తబడి ఊడి వచ్చేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. "మంచిగ నడువు, పో" అనేది, అంతే.

నక్క ఉల్లిగడ్డ మీకు తెలుసో లేదో. బీడు భూముల్లో, గట్ల మీద దానంతట అదే మొలుస్తుంది. చూస్తే అచ్చం ఉల్లిగడ్డే. అదే పొర మీద పొర, అదే పొట్ట, అవే పీచు వేళ్ళు. పైన కట్టుకుంటే మందు, కడుపులోకి పోతే విషం. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు అత్తమ్మ నన్ను గట్టు మీద కూర్చోబెట్టి రెంటికీ తేడా చెప్పింది. వానలు పడి ఆకు వచ్చాక కనిపెట్టడం తేలిక. ఉల్లాకు గొట్టంలా ఉంటుంది, నక్క ఉల్లాకు పట్టీలా ఉంటుంది. ఎండాకాలంలో రెంటికీ ఆకు ఉండదు, భయపడాల్సింది అప్పుడే. గోరుతో గిచ్చి వాసన చూడాలి. ఉల్లి అయితే ఘాటు ముక్కుకు ఎక్కుతుంది. నక్క ఉల్లికి ఆ ఘాటు ఉండదు, పైగా దాని జిగురు తగిలితే చెయ్యి దురద పెడుతుంది. ఇవేవీ చూసుకోకపోయినా ఆఖరికి కత్తిపీట ముందు తెలిసిపోవాలి అని చెప్పింది. "కన్ను మోసపోతది బిడ్డా, ముక్కు మోసపోదు. ఏడ్పియ్యనిది ఉల్లిగడ్డనే కాదు. యాదికి పెట్టుకో" అంది.

యాదికి పెట్టుకున్నాను. ఆ గుర్తులన్నీ ఈ రోజుకీ వరసగా అప్పజెప్పగలను. తెలియక చేశాను అని తప్పించుకునే దారి నాకు లేదు.

నేను పదో తరగతి దాకా చదివాను. పెళ్ళయిన నాలుగో ఏడు పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో పనికి కుదిరాను. మందులంటే గోళీలు కావు, గోళీల్లోకి వెళ్ళే పొడులు. నాది డ్రమ్ములు కడిగే పని. వాగు నీళ్ళు రంగు మారిన రోజులవి. ఆ గాలి మనిషిని తింటుందని అత్తమ్మ చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు మీద సరేనంది. ఒంట్లో ఏ కాస్త తేడా చేసినా ఆ రోజే మానేయాలి. నేను నవ్వుతూ తల ఊపాను. మా ఇంట్లో బూట్లు తొడుక్కున్న మొదటి ఆడదాన్ని నేను. నా ఫోటో అంటించిన కార్డు మెడలో వేసుకుని రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం నిలబడితే ఎంత గర్వంగా ఉండేదో చెబితే నవ్వుతారు. నాట్లకు పోయే ఆడవాళ్ళు "ఏం మేడమ్, డ్యూటీకా?" అని ఆట పట్టిస్తే, పైకి విసుక్కుని లోపల పొంగిపోయేదాన్ని.

రెండో ఏడు నా ముక్కు పోయింది. ఒక్క రోజులో కాదు. ముందు పాలు మాడిన వాసన తెలియలేదు. తర్వాత కిరోసిన్. ఆ తర్వాత ఏదీ తెలియలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు, పులుపు, కారం, చేదు తెలిసేవి గానీ అది ఏ కూరో తెలిసేది కాదు. కంపెనీలో చెబితే తీసేస్తారు. ఇంట్లో చెబితే మాన్పిస్తారు. అందుకని నటించడం నేర్చుకున్నాను. వాగు మీది కల్వర్టు దగ్గరికి రాగానే బస్సులో ఆడవాళ్ళంతా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. నేను పక్కామెను చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా నా కొంగూ పెట్టుకునేదాన్ని. ఎవరూ గమనించలేదు.

రేణుక కూడా గమనించలేదు. రేణుక మా ఆడబిడ్డ. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె బలహీనపడింది. పరిగెత్తకూడదు, బరువు ఎత్తకూడదు, రోజూ ఒక గోళీ మింగాలి. పందొమ్మిదేళ్ళు ఉంటాయి. కందిలో ఒకామె దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకుంటుండేది. ఆ పిల్లకు వాసనల పిచ్చి. కొత్త గుడ్డ చేతికి వస్తే కొలత తీయకముందే మొహానికి ఆనించుకుని వాసన చూసేది. మల్లెలు తెంపుకొచ్చి నా ముక్కు కింద పెట్టి "వదినే, ఎట్లున్నది చెప్పు?" అనేది. నేను కళ్ళు మూసుకుని "అబ్బ!" అనేదాన్ని. ఎంత బాగా అనేదాన్నో! ఆ పిల్ల సంబరపడిపోయేది.

ఇక ఆ రోజు సంగతి రాయాలి. ఇక్కడ కలం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళు తాగాను. గిన్నెలు సర్ది వచ్చాను. సర్దాల్సిన గిన్నెలేమీ లేవు.

ఆ ఏడు ఉల్లిగడ్డ ధర మండిపోయింది. ఎండాకాలం చివర. ఉల్లి పీకేసిన చేలల్లో, మట్టిలో మిగిలిపోయిన గడ్డలు పరిగె ఏరుకోవడానికి ఆడవాళ్ళు పోయేవాళ్ళు. అత్తమ్మ కూడా పోయింది. అప్పటికే ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. మనిషి ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు. అయినా మట్టిని చేత్తో తడిమి గడ్డ తీయగలదు. ఆ చేనులో వేసింది తెల్ల ఉల్లి. గట్టు మీద ఎండిన పూల కాడలు చేతికి తగిలితే, ఆనెల మందుకని కొన్ని నక్క ఉల్లిగడ్డలు కూడా తవ్వింది. జాగ్రత్తగా వాటిని వేరే గుడ్డలో ముడి వేసి సంచిలో పెట్టుకుంది. ఇంటికి వచ్చేసరికి ఆ ముడి ఊడింది. తెల్ల గడ్డల్లో తెల్ల గడ్డలు కలిసిపోయాయి.

మధ్యాహ్నం మూడు గంటలు కావచ్చు. నాకు ఆ రోజు సెలవు. అత్తమ్మ వాకిట్లో సంచి బోర్లించి నన్ను పిలిచింది.

"బిడ్డా, జెర ఇటు రా. ముడి ఊడింది. గడ్డలన్నీ కలిసిపోయినయ్."

"నేను ఏరుత తియ్, అత్తమ్మా."

"గిట్ల సూసి గట్ల ఏరుడు గాదు. ఒక్కొక్కదాన్ని గోరుతోని గిచ్చి వాసన సూడాలె. నాకేమో పడిశం వట్టి ముక్కు మూసుకపోయింది. పోనీ, రేణుకను రానియ్యి. అది సూస్తది."

"రేణుక ఎందుకు? నేను లేనా?"

ఆమె చేటను నా వైపు జరిపింది. నేను ఒక్కొక్క గడ్డనూ గోరుతో గిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని, పెట్టుకున్నట్టు పెట్టుకుని, ఇటో అటో వేశాను. ముక్కుతో కాదు, కంటితో ఏరాను. కొంచెం నునుపుగా, పొడుగ్గా ఉన్నవి నక్క ఉల్లి అనుకున్నాను. అవి ఐదు తేలాయి.

"ఎన్నొచ్చినయ్?"

"ఐదు."

"ఐదేనా? ఏడెనిమిది తవ్వినట్టు యాది."

"ఐదే ఉన్నయ్, అత్తమ్మా."

ఆమె నా మొహం ఎక్కడుందో అక్కడికి తన కళ్ళు తిప్పి అడిగింది. "వాసన సూసినవా బిడ్డా?"

"అన్నీ సూసిన."

అవే ఆ రెండు మాటలు. "ఇగ మంచిది" అని ఆమె లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయింది. తన లెక్క తప్పయి ఉంటుందనుకుంది. నా మాట మీద అంత నమ్మకం.

గంట ఆగి ఉంటే రేణుక వచ్చేది. ఊళ్ళో అంతమంది ఆడవాళ్ళలో, అన్ని ముక్కుల్లో, ఆ పిల్ల ముక్కంత చురుకైంది ఇంకొకటి లేదు. గడ్డలన్నీ దాని ముందు పోసి ఉంటే ఆడుతూ పాడుతూ ఏరి అవతల పడేసేది. దాని ప్రాణం దాని ముక్కు మీదే ఉందని నాకేం తెలుసు? తెలియదు, నిజమే. కానీ నాకు వాసన రాదని తెలుసు. అది చాలదా? ఒకే ఒక్క మాట, "నాకు తెలుస్తలేదు, రేణుకను రానియ్యి" అంటే సరిపోయేది. ఆ వెంటనే అత్తమ్మ ఎందుకు తెలుస్తలేదని అడుగుతుంది. అడిగితే నా బూట్లు, నా కార్డు, నా బస్సు పోతాయి. ఆ క్షణంలో ఇంత పొడుగ్గా ఆలోచించానా? లేదు. నోరే ఆలోచించి అనేసింది. రోజూ అబద్ధమాడిన నోరు కదా, దానికి అలవాటే.

మర్నాడు మంగళవారం. అత్తమ్మకు ఒక్కపొద్దు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి పొద్దున్నే ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడికి బయలుదేరింది. మా ఆయన లారీ మీద బొంబాయి వైపు పోయి ఉన్నాడు. ఇంట్లో తినేది నేనూ రేణుకే. దానికి కాకరకాయ ఇష్టమని ఉల్లికారం నూరి కూరి చేశాను.

గడ్డలు కోసేటప్పుడు మొదట కళ్ళు మండాయి. కన్నీళ్ళు కారాయి. తర్వాత కోసిన రెండు మూడు గడ్డలకు మండలేదు. కళ్ళు తేటపడి, చేతి వెనక భాగంతో తుడుచుకుని హాయిగా కోశాను. చేతులు దురద పెట్టాయి. డ్రమ్ముల పనితో నా చేతులు పగిలి ఎప్పుడూ దురదే. గడ్డలకు ఎండకు సారం పోయి ఉంటుందనుకున్నాను.

అనుకున్నానా? పదేళ్ళుగా నన్ను నేను నిలదీసే చోటు ఇదే. ఏడిపించనిది ఉల్లిగడ్డ కాదని అత్తమ్మ చెప్పింది ఆ క్షణాన గుర్తుకు రాలేదా? వచ్చింది. వచ్చిందనే అనుకుంటున్నాను. ఈగను తోలినట్టు తోలేశాను. బస్సుకు టైమవుతోంది. మళ్ళీ గడ్డలు పారేసి, మళ్ళీ కోసి, అత్తమ్మకు ఏం చెప్పాలి? అన్నీ వాసన చూశానన్న దాన్ని ఎలా పారేయను? నూరి కూరేశాను. కాకర చేదులో ఆ చేదు కలిసిపోయింది.

నేను డబ్బాలో ఒక్క కాయ పెట్టుకుపోయాను. మధ్యాహ్నం సగం తిని కంపెనీ గోడ పక్కన కక్కుకున్నాను. అక్కడ కక్కుకోవడం వింత కాదు, ఎవరో ఒకరు రోజూ కక్కుకునేవాళ్ళే. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ డ్రమ్ముల దగ్గరికి పోయాను. మిగిలిన కాయలన్నీ రేణుక జొన్నరొట్టెతో తింది.

సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే మా ఇంటి ముందు మనుషులు కనిపించారు. రేణుక మంచం మీద ఉంది. మధ్యాహ్నం నుంచి వాంతులు. పెదవులు తెల్లబడ్డాయి. నన్ను చూసి "వదినే, అంత పసుపు పచ్చగ కనవడుతున్నదే. నువ్వు గూడ పచ్చగున్నవ్" అంది. నవ్వబోయింది. జీపు మాట్లాడుకుని సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. నాడి ఒకసారి కొట్టేది, ఆగేది, మళ్ళీ కొట్టేది. మర్నాడు పొద్దెక్కకముందే పోయింది.

డాక్టరు ఏం తిన్నదని అడిగాడు. కళ్ళకు పచ్చగా కనబడటం, నాడి తప్పడం విని, అడవి గడ్డలేమైనా తిన్నదా అన్నాడు. గడ్డలు అన్న మాట వినగానే, గుడి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చిన అత్తమ్మ కింద కూలబడింది. నుదుటి మీద అమ్మవారి కుంకుమ అలాగే ఉంది. కొంగున ప్రసాదం కొబ్బరి ముక్క ముడి అలాగే ఉంది, రేణుకకని తెచ్చింది. "నేను తెచ్చిన గడ్డలే. గుడ్డిదాన్ని, నేనే తెచ్చిన. నా బిడ్డను నేనే తిన్న" అని తల బాదుకుంది.

నేను పక్కనే ఉన్నాను. ఆమె భుజం పట్టుకుని ఉన్నాను. "కోడలు ఏరింది" అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. "నేనే ఏరాను" అని నేనూ అనలేదు. ఆసుపత్రి కాగితంలో గుండె జబ్బు అని రాసుకున్నారు. ఊరు మాత్రం అత్తమ్మ పేరే రాసుకుంది.

ముందు చెప్పిన అబద్ధం భయంతో చెప్పింది. దాన్ని క్షమించమని అడగగలనేమో. ఈ రెండోది, ఈ మౌనం, దీనికి ఏ పేరు పెట్టాలి? ఇది ఒక్క రోజుది కాదు. అత్తమ్మ బతికున్న తొమ్మిదేళ్ళూ రోజూ పొద్దున లేచి మళ్ళీ చేశాను.

మా ఆయన వచ్చి తల్లిని ఒకటే అడిగాడు. "కండ్లు కనవడనిదానివి ఎందుకు తవ్వినవే అవ్వా?" ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె చేత్తో వడ్డిస్తే తినేవాడు కాదు. ఆమె నీళ్ళచెంబు అందిస్తే చూడనట్టు పోయి కుండలో ముంచుకుని తాగేవాడు. కొడుకు చెప్పుల చప్పుడు వినబడగానే ఆమె మొహం అటు తిరిగేది. చప్పుడు దాటిపోయాక మళ్ళీ గోడ వైపు తిరిగేది. తల్లీకొడుకుల మధ్య తేలు కుట్టిన దొంగలా నేను అన్నం గిన్నె పట్టుకుని తిరిగాను. ఒక్క మాటతో ఆ ఇద్దరినీ కలపగలను. ఆ మాట నా దగ్గరే ఉంది. ఆ మాట అనేస్తే, ఆయన మాట్లాడటం మానేసేది నాతో. అంతే తేడా. ఆ తేడా కోసం ఒక తల్లికి కొడుకు లేకుండా చేశాను.

ఆనెల మందు కోసం వచ్చినవాళ్ళను ఆమె గడప దగ్గరే తిప్పి పంపింది. తర్వాత ఎవరూ రాలేదు. గడ్డలు తవ్వే చిన్న గునపాన్ని పాత ఇనుపవాడికి వేసేసింది. ఉల్లిగడ్డ నోట్లో పెట్టలేదు. ఒకసారి ఊళ్ళోకి కళ్ళ డాక్టర్లు వచ్చి ఊరికే ఆపరేషన్ చేస్తామన్నారు. పేరు రాయిద్దామని నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. "ఈ కండ్లకు ఇదే శిక్ష బిడ్డా, ఉండనియ్యి" అంది. నేను చేసిన దానికి ఆమె చీకట్లో కూర్చుంది. నేను వెలుతురులో కూర్చుని బియ్యం ఏరుకున్నాను.

కంపెనీకి పోవడం మానానా? అదీ లేదు. పెద్దకర్మ కాగానే బూట్లు వేసుకుని పోయాను. ఇంకో నాలుగేళ్ళు చేశాను. ఆ తర్వాత కంపెనీయే మూతపడింది. దేన్ని కాపాడుకోవాలని నోరు మూసుకున్నానో అది గేటుకు తాళం వేసుకుని పోయింది. కార్డు ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. ఫోటోలో నేను నవ్వుతుంటాను. వాసన మాత్రం తిరిగి రాలేదు.

పోయిన ఏడు అత్తమ్మ పోయింది. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా చెయ్యి తడుముకుంటూ పట్టుకుని అంది. "బిడ్డా, నువ్వు మంచిగనే ఏరినవ్. ఆ మాపటికి నేనే మల్ల చేట్ల చెయ్యి వెట్టి కలిపిన గావచ్చు. నాకు యాది లేదు. నువ్వు మనసుల వెట్టుకోకు." నన్ను ఓదార్చింది. నా తప్పును తన నెత్తిన పెట్టుకోవడానికి ఒక కథ కూడా అల్లుకుని ఉంచుకుంది. తెలిసే అలా అందా? తెలియకా? ఆ చూపు లేని కళ్ళల్లో ఏం ఉందో నాకు తెలియదు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. "పాలు తాగుతవా అత్తమ్మా?" అన్నాను.

ఇన్నాళ్ళు ఊరుకున్నదానివి ఇప్పుడెందుకు రాస్తున్నావు అంటారు. పోయిన వారం పక్కింటి అరుగు మీద ఇద్దరు ఆడపిల్లలు కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నారు. ఒక పిల్ల సరిగ్గా ఏరలేదు. రెండో పిల్ల నవ్వుతూ "గిదేందే, ఆనెల అవ్వ ఏరినట్టు ఏరినవ్" అంది. వాళ్ళు రేణుకను చూసినవాళ్ళు కాదు. అత్తమ్మ వైద్యం ఎరిగినవాళ్ళు కాదు. ఊళ్ళో అదొక సామెత అయిపోయింది, వాళ్ళు అందుకున్నారు. ఎన్నో కాళ్ళను నడిపించిన మనిషి పేరు, పని చేతగానివాళ్ళను ఎగతాళి చేసే మాటగా మిగిలింది. మేం పోయాక కూడా అది ఉంటుంది. ఏరింది ఆమె కాదు. ఆ చేట నా ఒళ్ళో ఉంది.

ఇది రాస్తుంటే మా ఆయన వాకిట్లో కూర్చుని చెప్పులకు మేకు కొట్టుకుంటున్నాడు. ఈ కాగితాలు ఆయనకు చూపిస్తానో లేదో తెలియదు. చూపిస్తానని మీకు మాట ఇస్తే అది మూడో అబద్ధం అవుతుందేమోనని భయం. మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఆమె పేరు ఎక్కడైనా వినబడితే మాత్రం నిజం తెలిసిన మనిషి ఒకరు లోకంలో ఉండాలి.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ అడిగిన దానికి నేను సరైన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. వినడానికి ఆమె లేదు. మీరున్నారు.

సూడలే, అత్తమ్మా. ఒక్కటి గూడ సూడలే. నాకు వాసన రాదు.